గొడవకు ముందే గొడుగు

(నెల్లూరు, మూలాపేట. ఆదివారం పొద్దున. పెరట్లో రవణమ్మ గరుకు బండ మీద బొమ్మిడాయిలకు బూడిదా రాళ్ళుప్పూ పట్టించి, జిగురు పోయేదాకా రుద్దతా ఉంది. ప్లీడరు గుమస్తాగా పనిచేసి మానుకున్న పెంచలయ్య నులక మంచం మీద, ఫోను ముక్కుకు ఆనించుకొని చదువుకుంటా ఉన్నాడు.)

పెంచలయ్య: ఏమే, విన్నావా? జర్మనీలో కోర్టు ఖర్చులకి కూడా ఇన్సూరెన్సు ఉండాదంట. తీసుకునేదా వద్దా అని ఆడుండే మన చిన్నోడు అడగతా ఉండాడు. దాని పేరు రెహ్ట్స్‌షుట్స్.

రవణమ్మ: తుమ్మినారా, పేరు చెప్పినారా?

పెంచలయ్య: పేరేమే!

రవణమ్మ: గొడవ పడేదానికి ఇన్సూరెన్సా! మనింటికి ఇచ్చిన కంపెనీ అయితే ఆర్నెల్లలో దివాలా.

పెంచలయ్య: గమ్మునుండి విను. అది నాలుగు గదుల ఇల్లు అనుకో. సొంత వ్యవహారాలు ఒక గది, ఉద్యోగం ఒక గది, బండి ఒక గది, బాడుగిల్లు ఒక గది. ఏ గదికి డబ్బు కడితే ఆ గదిలోనే పడుకోవాల. నాలుగూ కలిపి నెలకు 31 యూరోలు చెప్పినారంట. అదిగాక కేసు కేసుకీ మొదటి 150 యూరోలు మన జేబులోంచే పోవాల.

రవణమ్మ: వాడికి కారు యాడుంది? ట్రాముల్లో తిరిగేవాడికి బండి గది దండగ. అది సరేగానీ, ఇప్పుడెందుకు అడిగినాడు?

పెంచలయ్య: ఊరికేనే. ముందుచూపు.

రవణమ్మ: వాడికా ముందుచూపు? చిన్నప్పుడు పలక పగలగొట్టుకొచ్చి, కొత్త పలక ఎంతమ్మా అని అడిగే రకం. ఏం పగిలిందో చెప్పండి.

పెంచలయ్య: (నసుగుతూ) ఇంటాయన కాగితం పంపినాడంట. హీటింగు, నీళ్ళు, చెత్త లెక్కలు చూస్తే ఇంకా 640 యూరోలు తేలిందని.

రవణమ్మ: అదీ సంగతి! ఇప్పుడు పాలసీ కడితే ఈ గొడవకి ఇస్తారా?

పెంచలయ్య: ఇయ్యరు. బాడుగ గొడవలకి మామూలుగా మొదటి మూడు నెలలు ఎదురు చూడాల. అది గడిచినా దీనికి రాదు. కోర్టుకెక్కిన రోజు కాదు వాళ్ళు చూసేది, గొడవకి విత్తనం పడిన రోజు. ఆ కాగితం పాలసీకి ముందే వచ్చింది గదా.

రవణమ్మ: ఇల్లంటుకున్నాక బావి తవ్వేవాడికి పార ఎవుడిస్తాడు!

పెంచలయ్య: దానికి వేరే దారి ఉండాది. బాడుగకున్నోళ్ళ సంఘాలు ఊరూరా ఉంటాయి, మీటర్‌ఫెరైన్ అంటారు. ఏడాదికి నూరు యూరోలకు అటూ ఇటూ చందా. పాత గొడవైనా సరే, చేరినాక వాళ్ళ ప్లీడరు కాగితం చూసి సలహా చెప్తాడు. కోర్టు ఖర్చు మాత్రం పాతదానికి వాళ్ళూ పెట్టరు.

రవణమ్మ: ఆ 640 ఏ సంవత్సరం లెక్క?

పెంచలయ్య: ఏదైతే ఏమే? లెక్క లెక్కే.

రవణమ్మ: మొప్ప ఎత్తి చూడకుండా చేప కొంటానా నేను? చూడండి.

పెంచలయ్య: (అద్దాలు సర్దుకొని) 2024 జనవరి నుంచి డిసెంబరు దాకా.

రవణమ్మ: వాడి చేతికి ఎప్పుడొచ్చింది?

పెంచలయ్య: 2026 ఫిబ్రవరి 9న.

రవణమ్మ: అన్నాళ్ళు నిద్రపోయినోడికి గడువనేది లేదా? లిమిటేషను, లిమిటేషను అని నిద్రలో కూడా కలవరిస్తారు గదా మీరు!

(పెంచలయ్య ఫోన్లో పైకీ కిందికీ వెతికి, మంచం మీద లేచి కూర్చున్నాడు.)

పెంచలయ్య: ఉండాదే! వాళ్ళ సివిల్ కోడు 556వ సెక్షను. లెక్క సంవత్సరం ముగిసిన 12 నెలల్లోపల కాగితం బాడుగకున్నోడి చేతిలో పడాల. అంటే 2025 డిసెంబరు 31తో సరి. ఆలస్యం నా వల్ల కాలేదు అని ఇంటాయన చూపించగలిగితే తప్ప, ఎక్కువ డబ్బు అడిగేదానికి లేదు. గడువు దాటిందని వీడు ఒక ఉత్తరం రాసి పారేస్తే సరిపోయె.

రవణమ్మ: కంపుగొట్టే చేపకి 640 యూరోలు కట్టబోయినాడు నా కొడుకు. నలభై ఏండ్లు కోర్టులో ఏం చూసినారో మీరు!

పెంచలయ్య: నేను కట్టలు మోసినా. చూసేది ప్లీడరు.

రవణమ్మ: సరే, పాలసీ వద్దని చెప్పండి. ఈ చింతపండు పిసకండి.

పెంచలయ్య: తొందరపడబాకు. ఉద్యోగం గది వేరే కథ. ఆడ మామూలు దావాలో ఓడినోడు గెలిచినోడి ప్లీడరు ఫీజు కూడా కట్టాల. లేబర్ కోర్టులో మొదటి అంచెలో అది లేదు. గెలిచినా ఎవుడి ఫీజు వాడిదే. ఉద్యోగంలోంచి తీసేసినారనుకో, ఆ కాగితం అందిన మూడు వారాల్లో దావా పడాల. దాటిందా, తప్పుగా తీసేసినా ఒప్పే అయిపోతుంది. ఆ మూడు వారాల్లో డబ్బు చూసుకుంటాడా, ప్లీడర్ని చూసుకుంటాడా?

రవణమ్మ: ఫీజెంత?

పెంచలయ్య: పట్టిక ఉండాది, దావా విలువను బట్టి. ఉద్యోగం కేసుకి మూడు నెలల జీతం విలువ కడతారు. వీడికి నెలకు 5,000 గదా, విలువ 15,000. రాజీ అయితే ప్లీడరుకు ఇంచుమించు 3,000 యూరోలు. రాజీ కాకపోతే తక్కువ.

రవణమ్మ: రాజీకి ఎక్కువా?

పెంచలయ్య: కుదిర్చినందుకు వేరే ఫీజు.

రవణమ్మ: మన వీధిలో రాజీ చేసినాయనకి టీ ఇచ్చి పంపిస్తాము.

పెంచలయ్య: అందుకే మన వీధిలో రాజీలు నిలబడవు. బండి గదీ, ఇంటి గదీ తీసేసి అడిగితే ఎంతకిస్తారో కనుక్కోమంటా. ఇంటికి సంఘం ఉండనే ఉండాది.

రవణమ్మ: వాళ్ళు ఇస్తామన్న డబ్బు చేతికొచ్చేది ఎట్లా? ప్లీడరు బిల్లు పంపిస్తే సరా?

పెంచలయ్య: ఆడే అందరూ బోర్లా పడేది. ప్లీడర్ని పెట్టుకోకముందే, ఈ కేసుకి మేము ఇస్తాము అని కంపెనీ చేత రాయించుకోవాల. గెలిచే ఆశ లేదనుకుంటే రాయరు. ప్లీడరు మాత్రం మన ఇష్టం, వాళ్ళు చూపించినాయనే కావాలని లేదు. ఇల్లు కట్టుకునే గొడవలకి మామూలుగా ఇయ్యరు. విడాకులకి చాలావాటిలో సలహా వరకే. ఇంకో తమాషా, ఒకే పాలసీలో ఉన్న మొగుడూ పెళ్ళాం ఒకరి మీద ఒకరు దావా వేసుకుంటే పైసా రాదు.

రవణమ్మ: (చేప వదిలేసి) అదేం న్యాయం? అసలు గొడవలన్నీ ఆడే గదా!

పెంచలయ్య: అందుకే ఇయ్యరు.

రవణమ్మ: మరి మనకి ఈడ?

పెంచలయ్య: మనకి ఇన్సూరెన్సు ఎందుకే? 1987 నాటి లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం ఉండాది. 12వ సెక్షను కింద ఆడోళ్ళకి ఆదాయంతో పన్లేకుండా ప్లీడర్ని ఉచితంగా పెడతారు. ఫోను చేసేదానికి 15100. లోక్ అదాలత్‌లో రాజీ అయితే కట్టిన కోర్టు ఫీజు కూడా వెనక్కి వస్తుంది, దాని మీద అప్పీలు లేదు.

రవణమ్మ: ఆడోళ్ళు ఎవరి మీద వేసినా ఉచితమేనా?

పెంచలయ్య: ఎవరి మీదైనా.

రవణమ్మ: మొగుడి మీద కూడా?

పెంచలయ్య: (ఫోను దించి) ...చింతపండు యాడ పెట్టినావు?

రవణమ్మ: గిన్నెలో నానతా ఉండాది. పిసకతా పిసకతా ఆ నంబరు ఇంకోసారి చెప్పండి.