హాలోజన్ పెట్టాలా వద్దా అని ‘సారు’ను అడిగాడట!

పొద్దున్నుంచి కడుపు మండిపోతోంది. మా పెరట్లో ఎల్ఈడీ ఫోకస్ లైటు మొన్నటి వానకు ఆరిపోయింది. చూడమని ఎలక్ట్రీషియన్‌ను పిలిచాను. నేను బజారుకు పోయి వచ్చేలోపు అతను అటక మీద పడేసిన పాత 500 వాట్ల హాలోజన్ లైటును దించి, దుమ్ము దులిపి, గోడకు బిగించేశాడు. ఎవరు పెట్టమన్నారయ్యా అంటే, "ఎల్ఈడీలు ఇంతేక్కా, ఒక్క వానకే పోతాయి. ఇదైతే గట్టి సరుకు. సారును గూడా అడిగినా, సరే అన్నాడు" అన్నాడు.

సారు, అంటే మా ఆయన, సరే అన్నాడట. నెలనెలా ఫోన్లో కరెంటు బిల్లు కట్టేది నేను. స్లాబు ఎక్కడ మారుతుందో, ఏ నెలలో ఎంత పెరిగిందో నాకు తెలుసు. సారుకు ఆ మీటరు ఏ గోడకు ఉందో కూడా సరిగ్గా తెలియదు.

అనంతపురంలో ఊరి చివర ఇల్లు మాది. వెనకంతా ఖాళీ ప్లాట్లు, కంపచెట్లు. పాముల భయం. అందుకే సాయంత్రం 6 నుంచి పొద్దున 6 దాకా పెరటి లైటు వెలగాల్సిందే, ఆర్పితే మా అత్తకు నిద్ర పట్టదు. ఆమె భయంలో తప్పేమీ లేదు. కానీ 500 వాట్లు 12 గంటలు వెలిగితే రాత్రికి 6 యూనిట్లు, నెలకు 180. ఫ్రిజ్, బోరు మోటరు, కూలరు ఎలాగూ ఉన్నాయి కాబట్టి ఈ 180 యూనిట్లూ వచ్చి పడేది పై స్లాబులోనే. నెల వాడకం 225 యూనిట్లు దాటాక యూనిట్ 8 రూపాయల 75 పైసలు, 400 దాటాక 9.75. తక్కువ రేటు లెక్క వేసినా ఒక్క లైటుకే 1,575 రూపాయలు. సర్దుబాటు చార్జీలని వేసేవి దీనికి అదనం. 50 వాట్ల ఎల్ఈడీ అయితే అదే పన్నెండు గంటలకు నెలంతా కలిపి 18 యూనిట్లు, 160 రూపాయల లోపు. మిగిలే పద్నాలుగు వందలు ఎవరి జేబులోంచి పోతున్నాయి?

వెలుతురు చాలదంటారు. 500 వాట్ల హాలోజన్ ఇచ్చేంత వెలుతురూ కావాల్సిందే అనుకుంటే 80 నుంచి 100 వాట్ల ఎల్ఈడీ పెట్టుకోండి, అప్పటికీ కరెంటు ఐదో వంతే. మా పెరడంత జాగాకు 50 చాలు. హాలోజన్ తాగే కరెంటులో ఎక్కువ భాగం వేడిగానే పోతుంది. మే నెలలో రాత్రి పది దాటినా గోడలు సెగలు కక్కే ఊరు మనది. ఇక్కడ గోడకు ఇంకో పొయ్యి తగిలించుకోవడం దేనికి?

ఇక "గట్టి సరుకు" అన్న మాట. హాలోజన్ రాడ్ ఆయుష్షు సుమారు 2,000 గంటలు. రాత్రికి 12 గంటల లెక్కన ఆరు నెలలు కూడా రాదు. దాన్ని ఉత్త చేతులతో పట్టుకుంటే చేతి జిడ్డు గాజుకు అంటి, వేడికి అక్కడే చిట్లి ఇంకా ముందే పోతుంది. అతను నా కళ్ల ముందే ఉత్త చేత్తో రాడ్ తిప్పి సరిచేశాడు. మంచి ఎల్ఈడీ పాతికవేల గంటలు వెలుగుతుంది. ఏది గట్టిది?

మరి మాది ఎందుకు ఆరిపోయింది? నిచ్చెన ఎక్కి నేనే చూశాను. పోయిన సారి ఇతనే బిగించాడు. కంపెనీ ఇచ్చిన వైరు పొట్టిగా ఉందని వెనక మూత విప్పి లోపల వేరే వైరు కలిపాడు, బయట ఇంకో జాయింటుకు నల్ల టేపు చుట్టి వదిలేశాడు. డబ్బా మీద ఐపీ65 అని ఉంటుంది. 6 అంటే దుమ్ము దూరదని, 5 అంటే నీళ్లు చిమ్మినా తట్టుకుంటుందని. మన ఊళ్లో వాన కన్నా దుమ్మే ఎక్కువ కాబట్టి ఆ 6 మనకు ఇంకా ముఖ్యం. కానీ మూత ఒకసారి విప్పి రబ్బరు వాషరును నలిపేశాక ఆ 65కు అర్థం ఏముంది? వైరు వెంబడి నీళ్లు నేరుగా లోపలికి దిగాయి. మూత ముట్టుకోకుండా, బయట చిన్న జంక్షన్ బాక్సు పెట్టి, లైటు దగ్గర వైరును కాస్త కిందికి వంచి వదిలితే నీళ్లు అక్కడే కారిపోయేవి. పాడైంది అతని పని, నింద మాత్రం ఎల్ఈడీ మీద.

అసలు 2014-15లో ప్రభుత్వం పాత బల్బులు తీసుకుని, ఇంటికి రెండు చొప్పున 7 వాట్ల ఎల్ఈడీ బల్బులు పది రూపాయలకొకటి ఇచ్చిన మొదటి జిల్లాల్లో అనంతపురం ఒకటి. అప్పుడు మన అవ్వలు, తాతలు లైన్లో నిలబడి తెచ్చుకున్నారు. ఇన్నేళ్ల తర్వాత, ఈ పనే చేసుకు బతికే మనిషి హాలోజన్ గట్టిదని చెబుతున్నాడు.

సరే, డబ్బా మీద రెండేళ్ల వారంటీ ఉంది కదా అని షాపుకు పోయాను. బిల్లు ఏదమ్మా అన్నాడు. కొన్నరోజు బిల్లు అడిగితే "బిల్లు కావాలంటే 18 శాతం జీఎస్టీ పడుతుంది" అని తెల్ల కాగితం మీద అంకె రాసిచ్చింది అతనే. ఇప్పుడు అదే మనిషి బిల్లు లేదని వారంటీ ఇవ్వడు. అంతటితో ఆగాడా? "సార్‌ను పంపించండి, మాట్లాడతాం" అన్నాడు.

ఈ మాట నాకు కొత్త కాదు. బోరు మోటరు కొనేటప్పుడూ ఇంతే. మోటరుకు ఎన్ని స్టార్లు, ఎన్ని అడుగుల లోతు నుంచి ఎన్ని లీటర్లు లాగుతుంది అని అడిగింది నేను. షాపతను జవాబులన్నీ మా ఆయన మొహం చూసి చెప్పాడు. ఆయనేమో ఫోన్ చూసుకుంటున్నాడు. ఇన్వర్టర్ అప్పుడూ అంతే. ట్యాంకు నిండిందా, మోటరు ఆపారా, లో ఓల్టేజీకి ఫ్రిజ్ ఆగిందా అని రోజంతా చూసుకునేది ఇంట్లో ఆడవాళ్లు. వైరు, లైటు, మోటరు అనగానే మాత్రం మా మాట లెక్కలోకి రాదు. మా ఆయన మీద కూడా కోపంగానే ఉంది. "నాకు తెలియదు, ఆమెను అడుగు" అని ఒక్క మాట అనుంటే ఆ హాలోజన్ అటక మీదే ఉండేది.

రేపు దాన్ని తీయించేస్తున్నాను, వేరే మనిషితో. ఈసారి డబ్బా మీద బీఐఎస్ వాళ్ల (ఐఎస్ఐ ముద్ర ఇచ్చేదీ వాళ్లే) ఆర్ నంబరు, అంటే రిజిస్ట్రేషన్ నంబరు, ఉన్నదే కొంటాను. తెల్ల లైటు వద్దు, 3000 కెల్విన్ వార్మ్ లైటే, అంటే పసుపు వెలుతురుదే. తొలకరికి ఉసుళ్లు కాస్త తక్కువ మూగుతాయి. మా అత్త నిద్రపోయే చోటికి రాత్రంతా వెలిగే మామూలు ఎల్ఈడీ లైటు, గేటు వైపు మాత్రం మనిషి కదిలితేనే వెలిగే సెన్సార్ లైటు.

అనంతపురంలో అడగకుండానే బిల్లు ఇచ్చే, ఆడవాళ్లు అడిగితే ఆడవాళ్లకే జవాబు చెప్పే ఎలక్ట్రికల్ షాపు ఏదైనా ఉంటే చెప్పండి. ధర వంద ఎక్కువైనా అక్కడే కొంటాను.