సవరణ: కంప్యూటర్‌కీ టీవీకీ మధ్య కేబుల్

మొన్నటి పోస్టులో ఏ హెచ్‌డీఎంఐ కేబులైనా (బొమ్మా సౌండూ ఒకే వైరులో పంపేది) సరిపోతుందని ఉంది కదా, అది ఫుల్ హెచ్‌డీ టీవీల వరకే అని చదువుకోండి. 4కే టీవీకి (ఫుల్ హెచ్‌డీకి నాలుగింతల చుక్కలుండేది) 60 హెర్ట్జ్‌లో, అంటే సెకనుకు 60 సార్లు బొమ్మ మారేలా కావాలంటే 18 జీబీపీఎస్ (సెకనుకు 18 గిగాబిట్లు) మోసే కేబుల్ ఉండాలి, ప్యాకెట్ మీద ప్రీమియం హై స్పీడ్ అని చూసుకోండి, విజయవాడ గవర్నర్‌పేటలో కొన్నా ఆన్‌లైన్‌లో కొన్నా అంతే, నాసిరకందైతే బొమ్మ మధ్యమధ్యలో నల్లగా పోయి మళ్లీ వస్తది, జనం టీవీ పోయిందనుకుని మెకానిక్‌ని పిలుస్తున్నారు పాపం. కంప్యూటర్ హెచ్‌డీఎంఐ పోర్టు పాత 1.4 వెర్షన్ అయితే మాత్రం ఎంత మంచి కేబుల్ పెట్టినా 4కే 30 హెర్ట్జ్ దగ్గరే ఆగుద్ది, మౌస్ బాణం గెంతుతూ కనబడుద్ది.

ఇంకోటి, డిస్‌ప్లేపోర్ట్ (కంప్యూటర్‌కుండే ఇంకో రకం బొమ్మ పోర్టు) టు హెచ్‌డీఎంఐ కేబుల్ మామూలుగా ఒకవైపే పనిచేస్తుంది, డిస్‌ప్లేపోర్ట్ కొస కంప్యూటర్‌కే పెట్టాలి. వీజీఏ అనే పాత రకం కేబుల్‌లో సౌండ్ రాదు, ఆడియో వైరు వేరే లాగాల్సిందే.