మద్దెల నిజంగానే ఓడు

"ఆడలేక మద్దెల ఓడన్నదట" అంటూ తరతరాలుగా ఒక అమాయకురాలి పరువు తీస్తున్నాం. ఆవిడ పేరేమిటో ఎవరికీ తెలీదు. ఆ రోజు ఏం జరిగిందో తెలీదు. అన్నిటికంటే ఘోరం, ఆ మద్దెలని ఎవరైనా ఒళ్లో పెట్టుకుని ఒక్క దెబ్బ వేసి చూశారా అంటే దానికీ ఆధారం లేదు. వాంగ్మూలం తీసుకోకుండా, వస్తువుని పరీక్షించకుండా తీర్పు చెప్పేసి, ఆ తీర్పుని సామెత చేసి పిల్లల చేత వల్లె వేయించారు. నేను వీడియో గేములు ఆడే మనిషిని. ఆవిడ తరఫున వకాల్తా పుచ్చుకోవడానికి నాకంటే అర్హుడు దొరకడు.

ఇన్నేళ్లలో కన్సోల్ మీదా, ఆన్‌లైన్‌లోనూ కలిపి కొన్ని వేల మ్యాచ్‌లు ఆడాను. తెర మీద "ఓటమి" అని పడిన సందర్భాలు బోలెడు. నేను ఓడిపోయిన సందర్భం మాత్రం ఒక్కటీ లేదు. ఈ రెండు వాక్యాలకీ మధ్య వైరుధ్యం ఉందనుకునేవాళ్లు ఇంకా మద్దెలని చూడలేదన్నమాట.

ముందు పింగ్ సంగతి. నీళ్లలోకి ఒక శబ్దం వదిలి, అది దేనికో తగిలి తిరిగొచ్చేదాకా ఎంతసేపు పట్టిందో లెక్కపెట్టే సోనార్ పద్ధతి ఉంది కదా, 1983లో మైక్ మ్యూస్ అనే ఆయన ఆ శబ్దం పేరే తన చిన్న ప్రోగ్రాముకి పెట్టాడు. నేను మీట నొక్కిన సంగతి సర్వర్ దాకా వెళ్లి, కబురు వెనక్కి రావడానికి పట్టే సమయమే పింగ్. గాజు తీగలో కాంతి సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. సర్వర్ 5,000 కిలోమీటర్ల దూరంలో ఉంటే, తీగ ఎక్కడా వంకర పోకపోయినా, దారిలో ఎవరూ ఆపకపోయినా రానూపోనూ 50 మిల్లీసెకన్లు. సెకనుకి 60 ఫ్రేములు, అంటే 60 బొమ్మలు, నడిచే ఆటలో ఒక్కో ఫ్రేము 16.7 మిల్లీసెకన్లు. అంటే శత్రువుకి మూడు ఫ్రేములు ముందే సమర్పించుకుని నేను యుద్ధానికి దిగుతున్నాను. ఇంత లెక్క కట్టి, "నా ఓటమికి కారణం కాంతి" అని ఇంట్లో ప్రకటించాను. "ఎవరా కాంతి?" అని అడిగారు.

ఈ ఆలస్యం ముదిరి ఆట ఈడ్చుకుంటూ నడిస్తే దాన్ని లాగ్ అంటారు. తెలుగులో లాగు అంటే ఈడ్చు అనీ, పిల్లలు తొడుక్కునే నిక్కరనీ రెండర్థాలున్నాయి. లాగ్ కొట్టినప్పుడు ఆటగాడి స్థితిని వర్ణించడానికి రెండూ కావాలి.

ఇంకో కుట్ర ఉంది. తుపాకీ ఆటల్లో చాలావాటిలో సర్వర్ కాలాన్ని వెనక్కి తిప్పుతుంది. కాల్చినవాడు మీట నొక్కిన క్షణంలో వాడి తెర మీద నేనెక్కడ కనిపించానో ఆ స్థితిని మళ్లీ లెక్కగట్టి, గుండు తగిలిందో లేదో తేలుస్తుంది. కాల్చినవాడికి న్యాయం చేయడానికట. చచ్చినవాడి సంగతి ఎవరికీ పట్టలేదు. మొన్న రాత్రి నేను గోడ వెనక్కి చేరాను, ఊపిరి పీల్చుకున్నాను, చచ్చాను. గోడ వెనక, నీడలో, సురక్షితంగా చచ్చాను. న్యాయశాస్త్రంలో దీన్నేమంటారో గానీ మా స్క్వాడ్‌లో "నూబ్", అంటే ఆట రానివాడు, అంటారు.

నిష్పాక్షికత కోసం కిల్‌క్యామ్‌లో, అంటే మనం ఎలా చచ్చామో ఆట మనకే మళ్లీ వేసి చూపించే వీడియోలో, కనబడినది కూడా చెప్పాలి. అందులో నేను గోడ దగ్గరికి వచ్చిన మాట నిజమే. రాగానే దాని వెనక్కి వెళ్లకుండా, పక్కనే నిలబడి తుపాకీ రీలోడ్ చేసుకుంటున్నాను. మ్యాగజైన్‌లో 30కి 29 గుండ్లున్నాయి. ఆ ఒక్క గుండూ నింపుతున్నంతసేపూ మా సైనికుడు తల వంచుకుని, కూరగాయల్లో పుచ్చులు ఏరుతున్న మనిషంత ప్రశాంతంగా ఉన్నాడు. ఆ వీడియోని నేను సాక్ష్యంగా అంగీకరించడం లేదు. అది కూడా లాగ్ అయ్యే వచ్చింది.

నా వాదనకి చరిత్ర మద్దతు కూడా ఉంది. 2011 ఏప్రిల్‌లో ప్లేస్టేషన్ కన్సోల్ వాళ్లు ఆన్‌లైన్‌లో ఆడుకునే ప్లేస్టేషన్ నెట్‌వర్క్‌లోకి హ్యాకర్లు చొరబడ్డారు. సుమారు 7.7 కోట్ల ఖాతాల వివరాలు ప్రమాదంలో పడ్డాయి, సేవలు 23 రోజులు ఆగిపోయాయి. పత్రికలన్నీ భద్రత గురించీ, నష్టం గురించీ రాశాయి. అసలు సంగతి ఎవరూ గమనించలేదు. ఆ 23 రోజులూ ఆ నెట్‌వర్క్ మీద ఒక్క ఆటగాడు కూడా ఓడిపోలేదు. నెట్ ఉంటే ఓటమి ఉంది, నెట్ లేకపోతే ఓటమి లేదు. ఇంతకంటే శాస్త్రీయంగా నిరూపించడం నా వల్ల కాదు.

ఇక కంట్రోలర్. నేను వేలు పెట్టకుండానే మా సైనికుడు మెల్లగా ఎడమవైపు నడుచుకుంటూ పోతాడు. దీన్ని స్టిక్ డ్రిఫ్ట్ అంటారు. స్టిక్ కింద ఉండే కార్బన్ పూత మీద చిన్న లోహపు ముక్క అటూ ఇటూ రాసుకుంటూ ఉంటుంది. కొన్ని లక్షల రాపిళ్లకి పూత అరిగిపోయి, స్టిక్ మధ్యలోనే ఉన్నా అది పక్కకి ఒరిగిందని కన్సోల్ నమ్ముతుంది. మద్దెల ఓడు అనడానికి ఇంకేం కావాలి? రాపిడి లేకుండా అయస్కాంతంతో పనిచేసే స్టిక్‌లు కూడా ఉన్నాయని తెలిసి, అలాంటి కంట్రోలర్ ఒకటి కొన్నాను. ఇప్పుడు మావాడు ఎడమకి పోవడం లేదు. తిన్నగా శత్రువుల మధ్యలోకి పోతున్నాడు.

2006లో రిమోట్ పట్టుకుని చెయ్యి ఊపుతూ ఆడే నింటెండో వీ అనే కన్సోల్ వచ్చినప్పుడు జనం చెయ్యి ఊపి ఊపి రిమోట్లు విసిరేస్తే, కొందరి ఇళ్లలో టీవీలు పగిలాయి. ఆ డిసెంబరులోనే కంపెనీ, మణికట్టుకి కట్టుకునే పట్టీల మందం పెంచి, సుమారు 32 లక్షల పట్టీలకి బదులు కొత్తవి ఇస్తామని ప్రకటించింది. మద్దెల చేసినవాళ్లే వచ్చి మద్దెలకి కొత్త తోలు కట్టిచ్చిన ఘట్టం ఇది. సామెత చెప్పేవాళ్లు దీని జోలికి రారు.

జట్టు గురించి రాయకూడదనుకున్నాను. రాయకపోతే నిద్ర పట్టేలా లేదు.

ఆన్‌లైన్‌లో ఎవరితో ఎవరిని కలపాలో తేల్చే లెక్కలకి చాలావరకు మూలపురుషుడు ఆర్పాద్ ఎలో. ఫిజిక్స్ ప్రొఫెసర్. చదరంగం ఆటగాళ్ల బలాన్ని అంకెల్లో కొలవడానికి ఆయన కట్టిన పద్ధతిని ప్రపంచ చదరంగ సమాఖ్య 1970లో తీసుకుంది. గెలిస్తే అంకె పెరుగుతుంది, ఓడితే తగ్గుతుంది, సమ ఉజ్జీలు ఎదురవుతారు. మహానుభావుడు చదరంగం కోసం కట్టాడు, అక్కడ జట్టులో మనకి తగిలే పిల్లలుండరు. ఆ పద్ధతి పిల్లలు, మనవలు ఇప్పుడు నా మీద తీర్పులు చెబుతున్నాయి. రెండు మ్యాచ్‌లు గెలిస్తే చాలు, "ఓహో, నీకు బాగా వచ్చన్నమాట" అని మూడోదాంట్లో రాక్షసుల్ని తెచ్చి ఎదురుగా నిలబెడతాయి. గెలిచినందుకు జరిమానా ఇంకెక్కడా చూడలేదు. ఈ లెక్క సరిగ్గా పనిచేస్తే ఎవరి గెలుపులైనా నూటికి 50 దగ్గరకి చేరాలట. నావి కాస్త కిందగా ఉంటాయి. ఎంత కిందగా అన్నది వ్యక్తిగత విషయం.

మైక్‌లో వినిపించే మర్యాదని బట్టే నా రేటింగు ఎక్కడుందో చెప్పొచ్చు. లాబీలో అడుగుపెట్టగానే "అన్నా" అంటారు. మొదటిసారి చచ్చి రివైవ్ (మళ్లీ బతికించమని) అడిగితే "బ్రో" అంటారు. రెండోసారి అడిగితే మాట ఉండదు, నిట్టూర్పు ఒకటి వినిపిస్తుంది. మూడోసారికి "అంకుల్". గొంతుని బట్టి పదేళ్లుంటాయేమో, ఒక కుర్రాడు మొన్న ఎంతో ఓపిగ్గా, "అంకుల్, మీరు ఆ గదిలోనే ఉండండి. దేన్నీ ముట్టుకోకండి. అయిపోయాక నేనొచ్చి చెప్తాను" అన్నాడు. ఉన్నాను. ముట్టుకోలేదు. ఆ మ్యాచ్ గెలిచాం. వ్యూహాత్మకంగా వెనక ఉండి జట్టుని గెలిపించిన ఆటగాడిగా ఆ రాత్రి నాకు పట్టిన నిద్రే వేరు.

ఇంట్లో వాళ్ల విషయానికొస్తే, వాళ్లకి పాజ్ అనే మాట ఒక్కటే తెలుసు. "అది ఆపేసి ఒక్క నిమిషం రా." తప్పు వాళ్లది కాదు. 1976లో ఫెయిర్‌చైల్డ్ ఛానెల్ ఎఫ్ అనే కన్సోల్ ఆటని మధ్యలో ఆపుకునే మీట పెట్టింది, అప్పటి నుంచీ మానవజాతికి ఆ ఆశ ఉండిపోయింది. ఆన్‌లైన్‌లో పాజ్ లేదు, నేను లేచినా అక్కడ యుద్ధం నడుస్తూనే ఉంటుంది అని ఎన్నోసార్లు వివరించాను. "నువ్వు లేకపోయినా నడుస్తుంది కదా, మరింకేం" అన్నారు. దీనికి సమాధానం ఇంకా వెతుకుతున్నాను.

ఖాళీ దొరికిన ఒక్క గంటనీ అప్‌డేట్ తినేయడం గురించి అందరికీ తెలుసు, వదిలేద్దాం. బట్టల గురించి మాత్రం ఒక మాట. 2006లో ఆబ్లివియన్ అనే ఆటలో గుర్రానికి తొడిగే కవచాన్ని ఎక్స్‌బాక్స్ వాళ్లకి 2.50 డాలర్లకి అమ్మితే, ఆటలోని గుర్రానికి బయటి డబ్బా అని జనం ఏళ్ల తరబడి నవ్వారు. నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను. ఇప్పుడు నా దగ్గర స్కిన్‌లు, అంటే ఆటలో మా సైనికుడికి తొడిగే వేషాలు, పదకొండు ఉన్నాయి. వాటి వల్ల గురి మెరుగుపడదని నాకు తెలుసు. కానీ కిల్‌క్యామ్‌లో నన్ను చూసేది నన్ను చంపినవాడు కూడా కాదు, నేనే. కాస్త చూడదగ్గట్టు ఉండాలి కదా.

ఇంతవరకూ కేసు నాకు అనుకూలంగానే నడిచింది. చిక్కు ఆఫ్‌లైన్ ఆటలతో వచ్చింది. డార్క్ సోల్స్ 2011లో వచ్చింది. చచ్చినప్పుడల్లా తెర మధ్యలో పెద్ద ఎర్రటి అక్షరాలతో చచ్చావని రాసి చూపిస్తుంది, మనకి అనుమానం ఉంటుందేమోనని. దాన్ని నెట్ తీసేసి ఆడాను. జట్టు లేదు, సర్వర్ లేదు, కాంతి లేదు. అయినా అదే ఎరుపు. అప్పుడు మద్దెలని పూర్తిగా విప్పి చూద్దామని, ఈ ఆటలు లోపల ఎలా పనిచేస్తాయో చదవడం మొదలుపెట్టాను. చదవకుండా ఉండాల్సింది.

గట్ల మీద నుంచి గట్ల మీదకి గెంతుతూ పోయే ఆటల్లో కొయొటీ టైమ్ అని ఒకటుందట. అంచు దాటి కాలు గాల్లోకి వెళ్లిపోయాక కూడా కొన్ని ఫ్రేములపాటు దూకే మీట పనిచేస్తుంది. 2018 నాటి సెలెస్ట్‌లో నేను గర్వపడిన గెంతుల్లో ఎన్ని నేల మీద నుంచి దూకినవో ఇప్పుడు చెప్పలేను. కంట్రోలర్‌తో ఆడే తుపాకీ ఆటల్లో గురి శత్రువు దగ్గరికి రాగానే దానంతట అదే కాస్త నెమ్మదించి, అతుక్కున్నట్టు అవుతుంది. 2005 నాటి రెసిడెంట్ ఈవిల్ 4 మనం తంటాలు పడుతున్నామని గమనిస్తే, చెప్పకుండా శత్రువుల తీవ్రత తగ్గిస్తుంది. మారియో కార్ట్ వెనకబడ్డవాళ్లకి మంచి ఆయుధాలిస్తుంది. ఫోన్ మీద ఆడే బ్యాటిల్ రాయల్ ఆటల్లో (చివరిదాకా మిగిలినవాళ్లే గెలిచే ఆటలు), కొత్తవాళ్లు దడుచుకుని పారిపోకుండా మనుషుల మధ్య బాట్‌లని, అంటే కంప్యూటరు నడిపే ఉత్తుత్తి ఆటగాళ్లని, కలుపుతారు. నా జీవితంలో మొదటి విజయం అలాంటి ఆటలోనే. ఆ రోజు ఒంటిచేత్తో తొమ్మిదిమందిని పడగొట్టాను. ఇప్పుడు గుర్తుచేసుకుంటే, వాళ్లలో నలుగురు గోడకి ఎదురుగా ముఖం పెట్టి నడుస్తూనే ఉన్నారు. గోడ కదలడం లేదు, వాళ్లూ ఆగడం లేదు. అప్పట్లో నాకు భయపడి అనుకున్నాను.

అంటే మద్దెల ఓడు కాదు. నా అడుగు ఎక్కడ తప్పితే అక్కడ తాళం వేసుకుంటూ, సభకి తెలియకుండా ఇన్నాళ్లూ నన్ను కాపాడుకొస్తోంది. వాదనకి ఇది అంత సాయపడే సంగతి కాదు కనుక, దీన్ని పిటిషన్‌లో చేర్చడం లేదు.

మొన్న అక్క కొడుకు ఇంటికొచ్చాడు. ఏడేళ్లవాడు. పక్కపక్కన కూర్చుని కార్ రేస్ ఆడాం. ఒకే గది, ఒకే తెర, నెట్ అవసరమే లేదు. మూడు ల్యాపులకీ నేనే చివర. "ఈ కంట్రోలర్ డ్రిఫ్ట్ కొడుతోందిరా" అన్నాను. వాడు మారుమాట్లాడకుండా తన చేతిలోది నాకిచ్చి నాది తీసుకున్నాడు. మళ్లీ ఆడాం. వాడు ముగింపు గీత దాటి, పక్కకి తిరిగి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని నా కారు వచ్చేదాకా చూస్తూ కూర్చున్నాడు.

"మావయ్యా, ఇది కూడా డ్రిఫ్ట్ కొడుతోందా?" అన్నాడు. వెక్కిరింపు కాదు, నిజంగా తెలుసుకుందామనే అడిగాడు.

టీవీలు బొమ్మకి మెరుగులు దిద్దడానికి కొంత సమయం తీసుకుంటాయి, గేమ్ మోడ్ పెడితే ఆ ఆలస్యం తగ్గుతుంది. ఈ సంగతి వాడికి వివరిస్తూ సెట్టింగ్స్‌లోకి వెళ్లాను. గేమ్ మోడ్ ఆన్‌లోనే ఉంది. ఎవరు ఆన్ చేశారో ఇంట్లో అందరినీ అడిగాను. ఎవరూ ఒప్పుకోవడం లేదు.