ఇత్తడి కేసు కడిగేది మెరుపు కోసం కాదు

"కాల్చిన కేసులు కడగడం వట్టి చాదస్తం. మెరుపు తప్ప ఒరిగేదేమీ లేదు. గుడ్డతో తుడిచి నేరుగా డైలోకి నొక్కేయండి." కాల్చిన తూటా ఇత్తడి గొట్టాన్ని (కేసును) డై అనే ఉక్కు అచ్చులో నొక్కి పాత కొలతకు తెచ్చి, మళ్లీ నింపి రీలోడ్ చేసుకునేవాళ్లలో ఈ మాట ఒకరి నుంచి ఒకరికి పాకుతూనే ఉంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు దీన్ని నమ్ముతుంటే నాకు నిజంగా భయమేస్తుంది.

మెరుపు అక్కర్లేదన్నది నిజమే. వన్నె తగ్గిన కేసు కూడా తళతళలాడే కేసులాగే పనిచేస్తుంది, గురిలో చెప్పుకోదగ్గ తేడా రాదు. మెడ దగ్గర, అంటే బుల్లెట్ కూర్చునే కొస దగ్గర, కనిపించే నీలి ఛాయ అసలు మురికే కాదు, తయారీలో కాచినప్పుడు పడ్డ మచ్చ. అయితే రంగు మారడం వేరు, మురికి పట్టడం వేరు. ఆ మాట రెండింటినీ ఒకే గాటన కట్టేసింది.

"డై గట్టి ఉక్కు, దానికేమవుతుంది?" అంటారు. నేల మీద పడ్డ కేసుకు ఇసుక అంటుకుంటుంది. ఒక్క రేణువు డై గోడలో ఇరుక్కుంటే చాలు, ఆ తర్వాత వచ్చే ప్రతి కేసునూ గీరుతుంది. నా డైలో అదే జరిగింది: బయటికి తీసిన ప్రతి కేసు మీదా ఒకే చోట, గోటికి తగిలేంత నిలువు గీత. ఉక్కు కంటే గట్టిదైన కార్బైడ్ డై అయితే తాను తట్టుకుంటుందేమో గానీ, కేసుకు గీత తప్పదు.

"లోపలి మసితో నష్టం లేదు" అన్నది సగం నిజం. మెడ లోపల పలచటి మసి ఉంటేనే బుల్లెట్ సాఫీగా కూర్చుంటుందని దాన్ని కావాలనే ఉంచేవాళ్లున్నారు, అందులో తప్పులేదు. కేసు అడుగున ప్రైమర్ (దెబ్బ తగిలితే పేలి తుపాకీ మందును అంటించే చిన్న మూత) కూర్చునే గుంట సంగతి వేరు. అక్కడ మసి గడ్డకడితే కొత్త ప్రైమర్ పూర్తిగా దిగదు. తుపాకీలో ప్రైమర్‌ను కొట్టే ఫైరింగ్ పిన్ దెబ్బ దాన్ని లోపలికి దింపడానికే సరిపోయి తూటా పేలకపోవచ్చు. పిన్ వదులుగా ఆడే తుపాకుల్లో పైకి పొడుచుకొచ్చిన ప్రైమర్, తూటాను లోపలికి నెట్టే బోల్టు మూసుకుంటుండగానే పేలే ముప్పూ ఉంది.

అన్నిటికంటే ముఖ్యం, ఆ మాట అసలు తలవనిది: చూపు. అడుగుకు కాస్త పైన గోడ పలచబడితే అక్కడ సన్నటి వలయం కనిపిస్తుంది. మెడ మీద వెంట్రుకంత పగులు ఉంటుంది. మసి, మట్టి పట్టిన కేసు మీద ఈ రెండూ కంటికి ఆనవు. కడిగాక వలయం మీద అనుమానం వస్తే, కొస వంచిన సన్నటి తీగను లోపల గోడ వెంట లాగి చూడండి. గాడిలో పడ్డట్టు తగిలితే ఆ కేసును పారేయాల్సిందే.

ఇక "కడగాలంటే ఏ పాలిష్ అయినా ఒకటే" అన్నది అన్నిటికంటే ప్రమాదకరం. అమ్మోనియా ఉన్న పాలిష్ జోలికి పోవద్దు. బ్రిటిష్ సైన్యం భారత్‌లో వానాకాలం గుర్రపుశాలల్లో దాచిన తూటాల ఇత్తడి పగుళ్లిచ్చింది. గుర్రాల మూత్రం నుంచి వచ్చిన అమ్మోనియా, ఇత్తడిలో మిగిలిపోయిన ఒత్తిడి కలిసి చేసిన పని అదని 1921లో తేలింది. ఘాటైన ఆమ్లమూ వద్దు: కేసు గులాబీ రంగుకు తిరిగిందంటే జింకు కరిగిపోయి రాగి మిగులుతోందన్నమాట.

"కడిగితే సీసం దుమ్ము లేస్తుంది కదా" అన్న భయం మాత్రం సబబే. చాలా ప్రైమర్లలో సీసం ఉంటుంది, కేసులను డ్రమ్ములో వేసి పొడిగా తిప్పి శుభ్రం చేస్తే అది గాల్లో కలుస్తుంది. కానీ కడగని కేసులను పట్టుకున్నా అదే సీసం చేతులకు అంటుతుంది. నీళ్లలో తిప్పండి, దుమ్ము లేవదు. తుపాకీ మందు పోసే ముందు కేసులు లోపలి దాకా ఆరాయో లేదో, కేసులతో పాటు డ్రమ్ములో సన్నటి ఉక్కు పిన్నులు వేసి తిప్పితే ఏదైనా లోపల చిక్కుకుందేమో, ఒక్కో కేసునూ వెలుతురుకు పెట్టి చూడండి.