కోరలవారికి గేటు పాసు లేదు

ఇది రాస్తున్న సమయానికి ఎడమ కోర ఇంకా నా నోట్లోనే ఉంది. మా ఆవిడ కాచి ఇచ్చిన జావను కుడి పక్క నుంచి పోసుకుంటున్నాను. సంగతి జరిగి ఒక పూట కూడా కాలేదు కనుక మాటల్లో కాస్త కారం తగిలితే సర్దుకుపోవాలి.

నేనొక రక్తపిశాచి సినిమా కథ రాసుకున్నాను. కొండ మీది కోట, పిడుగులు, గబ్బిలాలు, నల్లటి అంగీ, అన్నీ ఉంటాయి. కానీ ప్రతిదీ తిరగబడి ఉంటుంది. కోటకు బదులు పాడుబడ్డ గడీ. అందులో ఒక దొర, వందేళ్ళుగా ఆకలితో చస్తున్నాడు, చావలేక. కారణం వెల్లుల్లి. సీమదేశపు పిశాచిని తరమాలంటే మెడలో వెల్లుల్లి దండ వేసుకోవాలి. మన ఊళ్ళో దండ దేనికి? ఆవకాయన్నం తిన్న మనిషి దగ్గరికొచ్చి పలకరిస్తే చాలు, దొర మూడు రోజులు లేవడు. ఏడాదికి ఒక్క నెల, కార్తీకంలో, ఊరు ఊరంతా ఉల్లీ వెల్లుల్లీ మానేస్తుంది. ఆ నెల కోసం పదకొండు నెలలు కాచుకుని తీరా బయటికి వస్తే గుమ్మం గుమ్మానికీ దీపాలు, తెల్లవారుజామున నాలుగింటికే చెరువు గట్టు మీద స్నానాలకు వచ్చిన జనం. పాపం, ఎక్కడ కొరుకుతాడు?

పిలవనిదే గడప దాటకూడదన్న నియమాన్నీ వదల్లేదు. మనవాళ్ళు ఎవరినైనా రండి రండి అంటారు కనుక దొర లోపలికి వెళ్ళడం సులువు. బయటికి రావడమే గండం. భోంచేసిగాని కదలనివ్వరు. కార్తీకం కాకపోతే విస్తట్లో మళ్ళీ ఆవకాయ. ఈ ముచ్చట రాసే నాటికి నాకు గేటు ఉన్న అపార్ట్‌మెంట్లతో పరిచయం లేదు.

నిర్మాతగారు శనివారం రాత్రి ఫోను చేశారు. "ఎల్లుండి కార్తీక సోమవారం, ఉపవాసం. గుడికి వెళ్ళేలోపు, ఆరింటికల్లా వస్తే వింటాను. రచయితగారూ, కాగితాలు చూసి చదవకండి. వేషం వేసుకుని రండి. ఆ వాతావరణం రావాలి." అంతకు ముందు వారం ఆయనే "ఇది మన బేతాళుడి కథే కదా" అని పెదవి విరిచారు. 1870లో బర్టన్ అనే ఆంగ్లేయుడు బేతాళ కథలకు విక్రముడు, రక్తపిశాచి అనే అర్థం వచ్చే పేరు పెట్టి అచ్చు వేశాడు. ఆ తికమక ఇంకా పోలేదు. బేతాళుడు రక్తం తాగడు, ప్రశ్నలడుగుతాడు. రెంటిలో ఏది ఎక్కువ ప్రాణాంతకమో సోమవారం దాకా నాకు తెలియలేదు.

కట్టుడు పళ్ళు చేసే ఆయన కోరలు చేసి, జిగురు గొట్టం చేతిలో పెట్టి, చిటికెడు చాలన్నాడు. కథ మధ్యలో ఊడితే పరువు పోతుందని నేను రెండు పూతలు పూశాను. ముఖానికి పౌడరు, భుజాన మా ఆవిడ నల్ల శాలువా. స్కూటరెక్కి, హెల్మెట్ పెట్టుకునే వెళ్ళాను. పాత కోటలు, భయాలు నిండిన గోథిక్ నవలలకు మూలపురుషుడు అనదగ్గ ఆంగ్ల నవల 1764లో వచ్చింది. అందులో పెళ్ళిరోజున కొండంత హెల్మెట్ మీద పడి పెళ్ళికొడుకు నలిగి చస్తాడు. ఈ సాహిత్యానికి హెల్మెట్‌తో మొదటి నుంచీ పేచీ ఉంది. నాది మాత్రం శాలువా కొంగును లోపలికి లాగి, తీసేటప్పుడు సగం పౌడరు తుడిచేసింది.

సరే, గేటు. వాచ్‌మన్ నన్ను చూసి చేతులు జోడించాడు.

"స్వామి శరణం. భిక్షకు వచ్చారా స్వామీ?"

నల్లబట్ట చూసి మాల వేసుకున్నాననుకున్నాడు. కాదన్నట్టు తలూపాను. దాంతో చేతులు కిందికి దిగాయి, ట్యాబు పైకి లేచింది. "అయితే ఇందులో ఎంట్రీ చేయండి."

ఫోను నంబరు కొట్టాను, ఫ్లాటు నంబరు కొట్టాను. ఫొటో తీసుకోవాలంది. తీసుకుంది. ముఖం కనిపించడం లేదు, మళ్ళీ ప్రయత్నించండి అంది. నాలుగు వైపులా తిరిగి చూపించాను. ఆ గాజుపలక దృష్టిలో నేను లేను. 1897 నాటి డ్రాకులా నవలలో అతిథి గడ్డం గీసుకుంటూ ఉంటే ఆ కోట దొర, రక్తపిశాచి అయిన కౌంట్ డ్రాకులా వెనకనే వచ్చి నిలబడతాడు, అద్దంలో మాత్రం కనిపించడు. తర్వాత ఆ అద్దాన్ని కిటికీలోంచి అవతల పారేస్తాడు. అది దుర్మార్గమని చదివినప్పుడు అనుకున్నాను. ఆయన బాధ ఇప్పుడు అర్థమైంది. ఆ ట్యాబును వాచ్‌మన్ మెడకు తాడుతో కట్టి ఉంచారు, అందుకని బతికిపోయింది.

శాలువాతో మొహం తుడుచుకుంటే ఎలాగో ఒప్పుకుంది. యజమాని అనుమతి కోసం వేచి ఉండండి అంది. రెండు నిమిషాలు గిర్రున తిరిగి, గడువు ముగిసిందని చెప్పి, మళ్ళీ మొదటి పేజీకి వెళ్ళిపోయింది. బేతాళుడు చెట్టెక్కాడు. మళ్ళీ భుజాన వేసుకున్నాను. మళ్ళీ నంబరు, మళ్ళీ ఫొటో, మళ్ళీ గిర్రున. మళ్ళీ చెట్టు. విక్రమార్కుడికి కనీసం దారిలో కథ చెప్పేవాడు. నిర్మాతగారికి ఆరుసార్లు ఫోను చేశాను. పూజలో కూర్చుంటే ఆయన ఫోను నోరు నొక్కేస్తారని తర్వాత తెలిసింది.

ఇక మిగిలింది ఇంటర్‌కమ్. దానికి వాచ్‌మన్‌ను బతిమాలాలి. బతిమాలడానికి నోరు కావాలి. అక్కడ తెలిసింది నాకు అసలు సంగతి.

కోరల మొనలు కింది పెదవి మీద ఆనుతున్నాయి. పెదవులు రెండూ కలవవు. ప, ఫ, బ, భ, మ, ఈ అయిదూ పలకవు. ఇంటి దగ్గర అద్దంలో చూసుకుని మురిసిపోయానే తప్ప ఒక్క మాటైనా పలికి చూసుకోలేదు. అయిదు అక్షరాలే కదా అనకండి. అవి తీసేస్తే తెలుగులో అమ్మ పోతుంది, నాన్న మిగులుతాడు. పప్పు పోతుంది, నెయ్యి మిగులుతుంది. నేను చెప్పాల్సినది బి బ్లాకు, పదమూడో అంతస్తు. అందులో ఏం మిగులుతుందో మీరే పలికి చూసుకోండి. నిర్మాతగారి పేరులో మూడు పకారాలు. ఆయన తల్లిదండ్రులకు ముందుచూపు లేదు.

పూర్వకవులు దీన్ని విద్యగా సాధించారు. పెదవులు కలిసే అక్షరాలు, అంటే ఓష్ఠ్యాలు, రాకుండా రాస్తే నిరోష్ఠ్యం అంటారు. సంస్కృతంలో దండి రాసిన దశకుమారచరితంలో మంత్రగుప్తుడు తన కథ మొత్తం పెదవులు కలపకుండా చెబుతాడు. ఎందుకంటే ప్రియురాలి పంటిగాట్లకు పెదవి నొప్పిగా ఉంది. పంటిగాట్లు అతనికీ ఉన్నాయి, నాకూ ఉన్నాయి. అతని గాట్లు ఎవరో పెట్టినవి, నావి నేను పెట్టుకున్నవి, అంతే తేడా. మన తెలుగులో మరింగంటి సింగరాచార్యులు ఏకంగా రామాయణాన్ని నిరోష్ఠ్యంగా రాశాడు. రాముడి పేరులోనే మకారం ఉంది. అయినా వెనకాడలేదు, దశరథరాజనందన చరిత్ర అని పేరు పెట్టాడు. పలికి చూడండి, పెదవి పెదవికి తగలదు. ఆయన తీరికగా ఇంట్లో కూర్చుని రాసి ఉంటాడు. నేను గేటు దగ్గర, చలిలో, వెనక మూడు కార్లు హారన్ కొడుతూ ఉండగా ఆశువుగా చెప్పాలి.

సినిమా అనకూడదు, మకారం. నిర్మాత అనకూడదు, మళ్ళీ మకారం. ప్రొడ్యూసర్ అసలే వద్దు. కళ్ళు మూసుకుని సరస్వతిని తలచుకుని పలికాను.

"చలనచిత్రాలు తీసే ఆయన ఇంటికి."

ఒక్క ఓష్ఠ్యం లేదు. ఉకారం కూడా ఓష్ఠ్యమే అని పట్టుబట్టే పండితులుంటే వాళ్ళను ముందు కోరలు పెట్టుకుని రమ్మనండి. నా మట్టుకు నాకు ఆ వాక్యం చూసి కళ్ళు చెమర్చాయి.

వాచ్‌మన్ చెయ్యి చెవి దగ్గర పెట్టుకున్నాడు. "చెత్త తీసే ఆయనా? చెత్తవాళ్ళకు వెనక గేటు సార్."

రాసి చూపించవచ్చు కదా అని మీకు అనిపిస్తుంది. మా ఆవిడకూ అనిపించింది, అదే గొంతుతో అడిగింది. రాశాను. వాచ్‌మన్ కాగితాన్ని చేయి చాచినంత దూరం పెట్టి చూసి, కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయానన్నాడు. కళ్ళజోడు లేనివాణ్ణి మనుషుల్ని గుర్తుపట్టే పనిలో పెట్టిన సంఘం వారు, నెలకు ఎంత వసూలు చేస్తారో గాని, నాకు ఒక్కసారి కనబడితే బాగుండును.

ఇంతలో ఒక పార్సిల్ కుర్రాడు వచ్చాడు. బండి ఆపకుండానే నాలుగంకెల కోడ్ చెప్పాడు. అడ్డుకర్ర లేచింది. బండి వెనక అట్టపెట్టె మీద వెల్లుల్లి కారం అని ఇంత లావు అక్షరాలు, కింద ఫ్లాటు నంబరు. బి బ్లాకు, పదమూడు. మా నిర్మాతగారిదే. కార్తీక సోమవారం పూట, వెల్లుల్లి కారం! ఆయన నియమం ఆయనది, నాకెందుకు. కానీ డబ్బా కోసం ముందుగానే కోడ్ ఇచ్చి ఉంచిన మనిషికి, ఆరింటికల్లా రమ్మన్న రచయిత ఒకడున్నాడని గుర్తు రాలేదా? నా కథలో పిశాచిని ఆపేది వెల్లుల్లి. ఇక్కడ వెల్లుల్లి లోపలికి వెళ్ళింది, పిశాచి బయట నిలబడ్డాడు. నా కథ కన్నా ఆ గేటు కథే బాగుంది.

ఎండ వచ్చింది. ఎండ తగిలితే పిశాచి చస్తాడన్నది కూడా పాత నియమం కాదు. డ్రాకులా నవలలో కౌంట్ పట్టపగలు లండన్ వీధుల్లో తిరుగుతాడు. సూర్యకిరణాలతో చంపడం 1922లో జర్మన్ మూకీ సినిమా నోస్ఫెరాటు మొదలుపెట్టింది. అనుమతి లేకుండా నవలను వాడుకున్నారని రచయిత భార్య దావా వేస్తే, కోర్టు ఆ సినిమా ప్రతులన్నీ నాశనం చేయమంది. అయినా కొన్ని మిగిలాయి, ఇప్పటికీ చూస్తున్నాం. నేను మాత్రం ఆరున్నర ఎండకే సగం చచ్చాను. ఆ వేళకే బడి బస్సు వచ్చింది. ఇరవై మంది పిల్లలు కిటికీలకు అతుక్కున్నారు. ఒక పాప ఏడ్చింది. మిగతావాళ్ళు ఏడవలేదు, అది ఇంకా అవమానంగా ఉంది.

వాచ్‌మన్‌కు నా మీద జాలి కలిగింది. దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు.

"రేపు రండి సార్."

చిన్నప్పుడు మా వీధిలో తలుపు తలుపుకీ బొగ్గుతో రాసి ఉండేది, ఓ స్త్రీ రేపు రా అని. రాత్రి తలుపు తట్టే దెయ్యం అది చదువుకుని వెళ్ళిపోతుందని, మర్నాడు వచ్చి మళ్ళీ అదే చదువుకుని వెళ్ళిపోతుందని మా నాయనమ్మ చెప్పేది. ఆ దెయ్యం మీద మాకు నవ్వు వచ్చేది.

నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. పదమూడో అంతస్తుకు వినబడేలా నిర్మాతగారి పేరు పిలవాలనుకున్నాను. గుండెల నిండా గాలి పీల్చి, రెండు పెదవులూ బలవంతంగా దగ్గరికి నొక్కి, మొదటి పకారాన్ని వదిలాను. పకారం బయటికి రాలేదు. కుడి కోర వచ్చింది. ఠప్పున ఎగిరి, అడ్డుకర్ర దాటి, లోపల గడ్డిలో పడింది.

దానికోసం వంగబోతే వాచ్‌మన్ చెయ్యి అడ్డం పెట్టాడు. మెడలోని ట్యాబు నా ముందు పట్టుకున్నాడు.

"అది లోపల పడింది సార్. ఫోన్ నంబరు కొట్టండి."