3,000 రూపాయల ఇంటద్దె గారికి

మహారాజశ్రీ ఇంటద్దె గారికి,

ఒడిశాలోని గజపతి జిల్లాలో, కాశీనగర్‌కి ఆటో దూరంలో, మీ చల్లని నీడలో కాలం వెళ్లబుచ్చుతున్న ఒక రిటైర్డు అకౌంటెంటు నమస్కరించి రాయునది. మీరు క్షేమమేనని తెలుసు. 27 నెలలుగా ఒక్క రూపాయి పెరగలేదు, తరగలేదు. మీకేం, గుండ్రాయిలా ఉన్నారు.

నిన్న మీ దయవల్ల నాకు ఇంకో పగలు పోయింది. అది మనవి చేసుకుందామనే ఈ ఉత్తరం.

పొద్దున్నే ఉప్మా తిని, ఆధార్‌లో అడ్రసు మార్పించుకుందామని టౌనుకి బయల్దేరాను. ఆధార్ కేంద్రం ముందు లైన్లో నిలబడేసరికి పదకొండు. కరెంటు పోయింది, వచ్చింది. సర్వర్ పోయింది, అదీ వచ్చింది. రెండూ నలభైకి నా వంతు. కౌంటర్లో కుర్రాడు సర్పంచి గారిచ్చిన నా అడ్రసు సర్టిఫికెట్ తీసుకుని, కిటికీ వెలుతురుకి పట్టి, అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. "మౌసా, మొహర ఫొటో మీదే ఉంది. సగం ఫొటో మీద, సగం కాగితం మీద పడాలి" అన్నాడు. కళ్లజోడు సర్దుకుని చూశాను. నిజమే. సర్పంచి గారి ఊదారంగు స్టాంపు పిసరు కూడా ఫొటో అంచు దాటకుండా, గుండ్రంగా, సరిగ్గా నా మొహం మీద కూర్చుంది. పెళ్లికూతురికి బుగ్గచుక్క కూడా అంత శ్రద్ధగా పెట్టరు.

"కాలి ఆసంతు" అన్నాడు కుర్రాడు. రేపు రండి అని. ఈ రెండేళ్లలో నాకు పూర్తిగా పట్టుబడిన ఒడియా వాక్యం అదొక్కటే.

స్టాంపు తప్పు చోట పడితే నాదేం తప్పు అంటారు మీరు. మీదే అంటాను నేను. అసలు ఆ సర్పంచి సర్టిఫికెట్ దాకా నేను ఎందుకు వెళ్లాల్సి వచ్చింది? మీకు కాగితం లేదు కాబట్టి. మీకు రశీదు లేదు, ఒప్పందం లేదు, సంతకం లేదు. లోకం దృష్టిలో మీరు లేరు. మీరు లేరు కాబట్టి మీరిచ్చిన ఇల్లు లేదు, ఆ ఇంట్లో ఉన్న నేనూ లేను.

మీ అన్నగారు ఇలా కాదు. విశాఖ మురళీనగర్‌లో నేను పదకొండేళ్లు మోసిన ఆ అద్దె గారికి దర్జా ఉండేది. 11 నెలలకోసారి స్టాంపు పేపరు మీద కొత్తగా పుట్టేవారు. ఏడాది దాటిన అద్దె ఒప్పందం రిజిస్టర్ చేయాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలో ఉంది కదా, అందుకని దేశమంతా ఆ 11 నెలల నాటకం ఆడుతోంది. ఆడితే ఆడింది, చేతిలో ఒక కాగితం అంటూ ఉండేది. చిక్కల్లా ఆయన ఒళ్లు. 9,500 ఉండేవారు. 2023లో మా ఓనరు గారు సోఫాలో కాళ్లు ముడుచుకుని కూర్చుని, "రాజధాని వస్తోంది కదా సార్, పదహారు వేలు చేద్దాం" అన్నారు. రాజధాని రాలేదు. పదహారు వేలు మాత్రం ఎక్కిన మెట్టు దిగలేదు. ఇప్పుడేదో డేటా సెంటర్ వస్తోందట, ఆ పేరు చెప్పి ఇరవై రెండు వేలు అయ్యారని మా తోడల్లుడు చెప్పాడు. కంప్యూటర్లు వచ్చి మురళీనగర్‌లో డబుల్ బెడ్‌రూమ్ అద్దెకి తీసుకుంటాయి కాబోలు.

ప్రైవేటు కంపెనీలో ముప్పై ఏళ్లు లెక్కలు రాసినందుకు నాకు వచ్చే ఇ.పి.ఎస్. పెన్షన్ నెలకు 3,412 రూపాయలు. నవ్వకండి, కనీస పెన్షన్ 2014 నుంచీ వెయ్యి దగ్గరే నిలబడి ఉంది, వాళ్లతో పోలిస్తే నేను జమీందారుని. ఆ 3,412లో పదహారు వేలు ఎలా పడతాయో ఏ అకౌంటెంటూ చెప్పలేడు. మీరు పడతారు. మీరు పోగా ఇంకా 412 మిగులుతుంది. మా ఆవిడ మేనమామ కొడుకు మీ గురించి ఫోన్‌లో చెప్పినప్పుడు, "మూడు వేలా? ఏ గదికి?" అన్నాను. "గదికేంటి బావా, ఇల్లంతా. పెరడు, నుయ్యి, రెండు కొబ్బరిచెట్లు" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

వచ్చాం. సామాను దింపుతుంటే ఓనరమ్మని అడిగాను, అగ్రిమెంటు ఎప్పుడు రాసుకుందామని.

"కాయితాలేటి బాబూ? ఇల్లు సూశారు, తాళం ఇచ్చీసినాను. నోటి మాట సాలదేటి?"

అప్పుడు ముచ్చటేసింది. పట్నంలో పోగొట్టుకున్నదేదో దొరికినట్టు మా ఆవిడ కళ్లు కూడా చెమర్చాయి. మర్నాడు గ్యాస్ బదిలీ చేయించుకుందామని వెళ్తే అడ్రసు ప్రూఫ్ అడిగారు. ఆ ముచ్చట అక్కడితో సరి.

అప్పటినుంచి ఓనరమ్మని నేను బతిమాలని రోజు లేదు. ఒక్క రశీదు, ఒక్క చీటీ. ఆవిడ మంచి మనిషి. పనసకాయ కోస్తే సగం మాకే. మా ఆవిడకి జ్వరమొస్తే రాత్రంతా పక్కన కూర్చుంది. కానీ కాగితం మాటెత్తితే మాత్రం మొహం మాడిపోతుంది. పోయినేడు వానాకాలంలో ఒకరోజు చుట్ట ఆర్పి అరుగు మీద పెట్టి, ఆవిడే చెప్పింది. "మా ఇంటాయన వాళ్ల తోడల్లుడి అప్పుకి అడ్డు నిలబడి ఏలిముద్ర ఏసీనాడు బాబూ. ఎకరన్నర ఎగిరిపోనాది. ఆడు సచ్చినా ఆ పొలం రానేదు. ఈ గుమ్మంలో మరి కాయితం మీద ఏలు పెట్టనని ఒట్టెట్టుకున్నాను." ఇంక నేనేం అడగను?

ఆవిడ మీద కోపం రాదు. అందుకే మీ మీద వస్తోంది.

చిల్లర సంగతులకి మిమ్మల్ని నిందించను. వేసవిలో కరెంటు, వానల్లో దోమలు, ఫోన్ మాట్లాడాలంటే నూతిగట్టు ఎక్కడం, బోర్డుల మీద మన అక్షరాల్లా గుండ్రంగా ఉండి దగ్గరికెళ్తే మొహం తిప్పుకునే ఒడియా అక్షరాలు, ఇవన్నీ మూడు వేలల్లోనే వస్తాయని నాకు తెలుసు. కానీ కాగితం లేకపోవడం వల్ల మీరు నాకు పెట్టిన ఖర్చు ఏ పద్దు కింద రాయమంటారు?

గ్యాస్ బండ ఇప్పటికీ విశాఖలో తోడల్లుడి ఇంట్లోనే కాపురం ఉంది. ఇక్కడ మేం అడ్రసు ప్రూఫ్ అడగని అయిదు కిలోల బుడ్డి సిలిండర్ మీద వండుకుంటున్నాం. కిలో లెక్కన చూస్తే దాని ధరకి పెద్ద బండ సిగ్గుపడాలి. బ్యాంకు ఖాతా విశాఖ బ్రాంచిలోనే. కె.వై.సి. అని మెసేజ్ వచ్చిన ప్రతిసారీ మా ఆవిడ టిఫిన్ డబ్బా కట్టాల్సిందే. 2024 మే 13న సరిహద్దుకి అటూ ఇటూ ఒకేరోజు పోలింగ్ జరిగింది. ఇక్కడ మా వీధి వీధంతా వేలికి సిరా పూసుకుని అరుగుల మీద కూర్చుంటే, నేను ఓటు కోసం విశాఖ వెళ్లాను. లిస్టులో పేరు లేదు. ఇల్లు ఖాళీ చేశారట కదా, తీసేశారు అన్నారు. చూశారా, ఖాళీ చేసినట్టు అక్కడ రుజువు దొరికింది. చేరినట్టే ఇక్కడ దొరకడం లేదు.

విశాఖ–గుణుపూర్ ప్యాసింజర్‌లో ఇప్పుడు సమోసాలబ్బాయి నన్ను పేరు పెట్టి పలకరిస్తాడు. పర్లాకిమిడి రాజావారు 1900లో ఈ దారిలో మొదటి చిన్నరైలు వేయించినప్పుడు, ఒకనాడు ఒక అకౌంటెంటు తన ఉనికి నిరూపించుకోవడానికి దాన్ని నెలకోసారి ఎక్కుతాడని అనుకుని ఉండరు.

సర్పంచి సర్టిఫికెట్ మాట సాంతం వినండి. అగ్రిమెంటు లేనివాళ్లకి అదొక్కటే దారి అని కేంద్రంలో కుర్రాడే చెప్పాడు. ఫారం ఇచ్చాడు. ఫారం నింపాను, కొట్టివేతలు ఉండకూడదన్నారు, మళ్లీ నింపాను. సర్పంచి గారింటికి వెళ్తే పెళ్లికి వెళ్లారన్నారు. పెళ్లి నుంచి వచ్చాక దినానికి వెళ్లారు. దినం నుంచి వచ్చాక కలిశాను. చాలా మర్యాదస్తుడు, టీ ఇచ్చాడు, సంతకం పెట్టాడు, స్టాంపు ప్యాడ్ ఎండిపోయిందన్నాడు. ప్యాడ్ నేనే కొన్నాను. నలభై రూపాయలు. కొత్త ప్యాడ్ కదా, సిరా బాగా పట్టింది, అంచుల మీద అంటుతుందని జాగ్రత్తగా ఫొటో మధ్యలో గుద్దాడు. మర్యాదకే గుద్దాడు. ఆ మర్యాదే నిన్న నా కొంప ముంచింది. ఆ సర్టిఫికెట్ మూడు నెలలే చెల్లుతుంది, అందులో నెలా ఇరవై రోజులు ఇప్పటికే పోయాయి.

నిన్న సాయంత్రం ఆటోలో మోకాళ్ల మీద ఫైలు పెట్టుకుని లెక్క వేశాను. అలవాటు ఎక్కడికి పోతుంది. నెలకు 13 వేలు మిగులు, 27 నెలలు. 3,51,000 రూపాయలు. మూడున్నర లక్షలు నువ్వు నాకు మిగల్చాలి. ఎక్కడ పెట్టావు? నా పాస్‌బుక్‌లో లక్షా అరవై కూడా కనపడటం లేదు. మిగతాది రైలు టికెట్లు మింగాయి, బుడ్డి సిలిండర్లు మింగాయి, విశాఖలో డాక్టరు కోసం ఆగిన రాత్రులు మింగాయి. చవక చవక అని పిలిచి తీసుకొచ్చి, చేతిలో చిల్లిగవ్వంత రుజువు పెట్టకుండా ఈ వయసులో నన్ను కౌంటరు కౌంటరుకీ తిప్పుతావా? అరవై ఒక్క ఏళ్లొచ్చి, పాతికేళ్ల కుర్రాడి ముందు నా మొహం ఫొటోలో స్టాంపు కింద ఎక్కడుందో వెతికి చూపించాను. నీకు సిగ్గుందా?

ఏకవచనం వచ్చేసింది. క్షమించండి. కాదు, క్షమించక్కర్లేదు. 27 నెలల స్నేహం, చాలు ఈ మీరు, గారు.

గిడుగు రామమూర్తి పంతులు గారు 1936లో పర్లాకిమిడిని ఒడిశాలో కలిపారని, జీవితంలో ఎక్కువ భాగం గడిపిన ఆ ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. ఆయన భాష కోసం అటు వెళ్లారు. నేను 13 వేల కోసం ఎదురు నడిచి ఇటు వచ్చాను. సరిహద్దులోని పాతపట్నం దాటుతున్నప్పుడల్లా పంతులు గారు గుర్తొచ్చి తల దించుకుంటాను. దించుకున్న తలతోనే లెక్క వేస్తాను, రాను పోను ఎంతయిందా అని.

వెనక్కి పోదామని మా ఆవిడతో నాలుగైదు సార్లు అన్నాను. "మురళీనగర్ ఇరవై రెండు వేలు ఎవరు కడతారు?" అని ఒకసారి, "కరివేపాకు చెట్టు ఇప్పుడే కదా నాటుకుంది" అని ఒకసారి అంది. రెండో జవాబే నాకు ఎక్కువ అర్థమైంది. పొద్దున్న నూతి దగ్గర మొహం కడుక్కుంటుంటే కొండల మీద మంచు అంచెలంచెలుగా లేస్తుంది. మురళీనగర్‌లో కిటికీ తీస్తే పక్కింటి కిటికీ. సరే, ఇదొక్కటి నీ ఖాతాలో జమ రాస్తున్నాను. వడ్డీ అడక్కు.

నీ దగ్గర రశీదు లేదన్నాను కానీ ఒకటుంది. అది ఎక్కడా చెల్లదు. ప్రతి నెలా అయిదో తారీకున నేను డబ్బులివ్వగానే ఓనరమ్మ రెండుసార్లు లెక్కపెట్టి, కొంగున ముడివేసి, పొయ్యిలోంచి చల్లారిన బొగ్గుముక్క తెచ్చి, వీధి తలుపు వెనక గోడ మీద ఒక గీత గీస్తుంది. అయిదో గీత అడ్డంగా. చూడటానికి చిన్న కంచె కట్టినట్టు ఉంటుంది. ఒకసారి దాన్ని ఫొటో తీసి కేంద్రంలో కుర్రాడికి చూపించాను కూడా. పాపం వాడు నవ్వలేదు. "ఎవరి సంతకం మౌసా ఇది?" అని అడిగాడు.

మొన్న పండక్కి ఓనరమ్మ మనవడు సున్నం బకెట్టు, కుంచె పట్టుకుని వచ్చాడు. వీధి గోడ అయింది, నడవ అయింది. తలుపు వెనక్కి వచ్చేసరికి నేను పేపరు చదువుతున్నవాణ్ణి ఎప్పుడు లేచానో తెలియదు, చాప అడ్డం పెట్టుకుని గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాను. "తాతా, జరుగు, సున్నం అంటుకుంటాది" అన్నాడు వాడు. అంటుకుంటే అంటుకోనీరా అన్నాను. ఇల్లంతా తెల్లగా ఉంది ఇప్పుడు, తలుపు వెనక ఆ జానెడు జాగా తప్ప. 27 గీతలు.

అయిదో తారీకు గురువారం వచ్చింది. డబ్బులు తీసి గూట్లో పెట్టాను. ఆ పూట పొద్దున్నే ఇంటి దగ్గర ఉండాలి, సర్పంచి గారి దగ్గరికి ఆ తర్వాతే వెళ్తాను.

ఇట్లు,
నీ ఇంట్లో ఉన్నట్టు ఎక్కడా రుజువు లేని
ఒక అద్దెదారు