సీఆర్‌టీని అంత తేలిగ్గా పీకేయకండి

పాత ఆర్కేడ్ క్యాబినెట్ (నాణెం వేసి ఆడే వీడియో గేమ్ పెట్టె) బాగు చేసేటప్పుడు సీఆర్‌టీ (పాత టీవీల్లో ఉండే గాజు ట్యూబు తెర) తీసేసి ఎల్‌సీడీ పెట్టుకోవడమే మేలని ఈమధ్య చదివిన ఒక వ్యాసంలో రాశారు, దీంతో మాత్రం నేను ఒప్పుకోను. సులువే, కాదనను. కానీ 1980లో వచ్చిన ప్యాక్‌మ్యాన్ లాంటి ఆటల బొమ్మలు గీసిందే ఆ గాజు తెర కోసం, అంచులు కాస్త కరిగినట్టు కనిపిస్తేనే వాటికి అందం. 1979 నాటి ఆస్టరాయిడ్స్‌లో అయితే ఎలక్ట్రాన్ కిరణమే నేరుగా గీతలు గీస్తుంది, ఆ మెరుపు మామూలు ఎల్‌సీడీలో రానే రాదు.

బొమ్మ వణికినా, పక్కలు వంగినా ట్యూబు పోయిందనుకుంటారు గానీ చాలాసార్లు అసలు దోషం మానిటర్ చాసిస్ (తెరను నడిపే సర్క్యూట్ బోర్డు) మీద ఎండిపోయిన ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లదే (ఛార్జిని నిలవ ఉంచే చిన్న డబ్బాల్లాంటి భాగాలు). కెపాసిటర్ ఒంటి మీద మైనస్ గీత ఎటుందో చూసుకుని కొత్తవి టంకం వేస్తే బొమ్మ నిటారుగా నిలబడుతుంది, అది చూస్తుంటే కలిగే ఆనందమే వేరు. ఒక్కటి మాత్రం మర్చిపోవద్దు, ప్లగ్ తీసేశాక కూడా ట్యూబులో వేల వోల్టుల ఛార్జి మిగిలి ఉండొచ్చు, డిశ్చార్జ్ చేయడం తెలిసినవాళ్ళు పక్కన లేకుండా ట్యూబుకు హై వోల్టేజీ తీగ తగిలించే రబ్బరు టోపీ జోలికి వెళ్ళకండి.

ఇక బ్యాటరీల గురించి వ్యాసంలో ఒక్క ముక్కా లేదు, నాకు అదే బాధగా అనిపించింది. క్యాప్‌కామ్ అనే గేమ్ కంపెనీ చేసిన సీపీఎస్-2 ఆట బోర్డుల్లో ఆట తాళంచెవి (ఆట ప్రోగ్రామ్‌ను విప్పే రహస్య సంకేతం) బ్యాటరీతో నడిచే మెమరీలో ఉంటుంది, బ్యాటరీ చచ్చిపోతే ఆట కూడా ఆగిపోతుంది. అలాంటి బోర్డు కొంటే పెయింటూ స్టిక్కర్లూ తర్వాత, ముందు బ్యాటరీ సంగతి చూడండి.